మట్టి పాఠం: ముందు వేళ్లతో, తర్వాత సీసాతో, త్రిభుజం చివర్లో

టీచర్ గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఐదో తరగతికి ఇసుక, సిల్ట్ (ఇసుక కంటే సన్నగా, బంక కంటే ముతకగా ఉండే మట్టి), బంకమన్ను పాఠం చెప్పారు. సీసాలో సగం పైగా మట్టి పోసి నీళ్లు నింపి బాగా ఊపి పెట్టారు, పొరలు రాలేదు, మర్నాడు కూడా నీళ్లు బురదగానే ఉన్నాయి. ఈ మూడూ ఎంతెంత శాతం ఉంటే ఆ మట్టికి ఏ పేరో చూపించే త్రిభుజం పటం పిల్లలు గీసేస్తున్నారు గానీ గుప్పెడు మట్టి చేతిలో పెట్టి ఇదేంటి అంటే నోరు మెదపట్లేదు. నలభై నిమిషాల పీరియడ్‌లో ఇంకేం చేయగలం అని అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా చిన్న తరగతులకు సైన్స్ చెబుతున్నాను, ఈ పాఠం ప్రతి ఏడూ చెబుతాను, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

సీసా ఎందుకు కుదరలేదో కింద చెప్తాను, దాన్ని సరిచేయడం తేలికే. కానీ అసలు చిక్కు అక్కడ లేదు, సీసాతో మొదలుపెట్టడంలో ఉంది. సీసాలో పిల్లవాడికి కనిపించేది మూడు గీతలు. ఏ పొర చేతికి ఎలా తగులుతుందో వాడికి ముందే తెలిసుంటేనే ఆ గీతలకు అర్థం ఉంటుంది. నేనూ మొదట్లో పుస్తకంలో ఉన్న వరసలోనే చెప్పేదాన్ని: ముందు నిర్వచనాలు, తర్వాత పటం, టైముంటే ప్రయోగం. ఇప్పుడు పూర్తిగా తిరగేశాను. మొదటి పీరియడ్‌లో ఇసుక తప్ప మిగతా పేర్లే చెప్పను.

మొదటి పీరియడ్‌కి మూడు డబ్బాలు కావాలి, ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో సిల్ట్, ఒకదాంట్లో బంకమన్ను. ఇసుకా బంకమన్నూ ఎలాగోలా దొరుకుతాయి, సిల్టే దొరకదు, అందుకే చాలామంది దాన్ని వదిలేస్తారు. వదలకండి, మనమే తీసుకోవచ్చు. బకెట్లో రెండు మూడు గుప్పెళ్ల మట్టి వేసి, పది సెంటీమీటర్ల ఎత్తు వరకు నీళ్లు పోసి, ఉండలన్నీ విడిపోయేదాకా చేత్తో పిసికి బాగా కలపండి. కలపడం ఆపాక ఒక్క నిమిషం ఆగి, పైన ఉన్న బురదనీళ్లని ఇంకో బకెట్లోకి మెల్లగా వంచండి. మొదటి బకెట్ అడుగున మిగిలింది చాలావరకు ఇసుకే. రెండో బకెట్‌ని రెండు గంటలు కదపకుండా వదిలి, పైన ఇంకా మసకగా ఉన్న నీళ్లు వంచేయండి, అందులో పోయేది బంక. అడుగున మెత్తగా పేరుకున్నది సిల్ట్. మళ్లీ నీళ్లు పోసి కలిపి ఇలాగే రెండు మూడుసార్లు చేసి ఆరబెడితే టాల్కం పౌడర్‌లా ఉంటుంది. ముందురోజు మీరు చేసి పెట్టుకోవాలి, కాస్త పనే, కానీ ఒకసారి చేస్తే రెండు మూడేళ్లు వస్తుంది. ఆరిన పొడి మాత్రం పిల్లలు ఊదకుండా, పీల్చకుండా చూడండి.

పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టండి. ఒకరు కళ్లు మూసుకోవాలి, ఇంకొకరు చిటికెడు మట్టి వేళ్ల మధ్య పెట్టాలి. కళ్లు మూసుకున్నవాళ్లు ఎలా ఉందో చెప్తే రెండోవాళ్లు అదే మాట రాసుకోవాలి, మనం సరిదిద్దకూడదు. పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి. ఈ రెండోదే ముఖ్యం, ఎందుకంటే పొడి మట్టి పచ్చి అబద్ధాలు చెబుతుంది. ఎండిన బంకమన్ను చిన్న చిన్న పలుకులుగా విరిగి అచ్చం ఇసుకలా గరగరలాడుతుంది. పిల్లలు దాన్ని ఇసుక అనే రాస్తారు, రాయనివ్వండి. నాలుగు చుక్కల నీళ్లు వేసి నలిపేసరికి ఆ గరుకు కాస్తా మాయమై వేళ్లకు పట్టుకుంటుంది. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి మీరు. ఒక ఏడాది ఒక పాప తన రెండు వేళ్లూ విడదీస్తూ, మళ్లీ అతికిస్తూ, "ఇది వదలట్లేదు టీచర్, లాగుతోంది" అంది. ఆ మాటే బోర్డు మీద రాశాను. ఆ తరగతిలో నెలంతా బంకమన్నుకి అదే పేరు, "లాగేది". సిల్ట్‌కి ఇంకొకడు "జారేది, కానీ అంటనిది" అన్నాడు. తడి సిల్ట్ నున్నగా జారుతుంది, బంకలా వేళ్లని పట్టుకోదు. ఇంతకంటే మంచి నిర్వచనం నాకూ తెలీదు.

ఇంకొకటి, చెవి వాడించండి. తడిపిన మట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చెవి దగ్గర నలపమనండి. ఇసుక ఉంటే సన్నగా కరకరమంటుంది. వేలికి తెలియనంత తక్కువ ఇసుక కూడా చాలాసార్లు చెవికి తెలుస్తుంది. తరగతి అంతా ఆ శబ్దం కోసం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది, అది టీచర్‌కి బోనస్.

పేర్లు రెండో పీరియడ్‌లో చెప్పండి, వాటితోపాటే సైజులూ. ఇక్కడ ఊరికే అంకెలు చెబితే పిల్లలకు ఎక్కవు. ఇసుక అంటే 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటర్ల వరకు, సిల్ట్ 0.05 నుంచి 0.002 వరకు, అంతకంటే చిన్నవన్నీ బంక. ఇవి అమెరికా వ్యవసాయ శాఖ పద్ధతిలో హద్దులు, త్రిభుజం పటం సాధారణంగా వీటి మీదే ఉంటుంది. కొన్ని పుస్తకాల్లో ఇసుకకీ సిల్ట్‌కీ మధ్య హద్దు 0.02 అని ఉంటుంది, అది అంతర్జాతీయ పద్ధతి. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని టెన్షన్ పడకండి, ఏదో ఒకటే పట్టుకోండి. 2 మిల్లీమీటర్లు దాటినవి గులకరాళ్లు, వాటిని లెక్కలోకి తీసుకోం, ముందే ఏరేయాలి.

ఈ అంకెల్ని నేల మీద గీయించండి. అన్నింటినీ 500 రెట్లు పెంచామనుకుందాం. బంక రేణువు ఎంత పెద్దదైనా 1 మిల్లీమీటరే అవుతుంది, అంటే పెన్సిల్‌తో పెట్టిన చుక్క. సిల్ట్ ఆ చుక్క నుంచి రెండున్నర సెంటీమీటర్ల వరకు, అంటే చిన్న సీసా మూత అంత. ఇసుక ఆ మూత సైజు నుంచి మొదలై ఏకంగా ఒక మీటరు వరకు. సుద్దముక్కకు దారం కట్టి ఒక మీటరు అడ్డంగా ఉండే వృత్తం గీసి, అందులో మూతంత వృత్తం, దాని పక్కన పెన్సిల్ చుక్క పెట్టించండి. చుక్క ఎక్కడుందో వెతుక్కోవడానికి పిల్లలు నేల మీద బోర్లా పడుకుంటారు. ఇదే పాఠం.

అంత చిన్నవాటికి అంత పట్టు ఎలా వచ్చిందని కచ్చితంగా ఒకరైనా అడుగుతారు. అడగకపోతే మీరే అడగండి. దానికి బంకమన్నుతోనే 2 సెంటీమీటర్ల ఘనం చేయించి ముఖాలు కొలిపించండి, ఆరు ముఖాలు, ఒక్కోటి 4 చదరపు సెంటీమీటర్లు, మొత్తం 24. దాన్ని దారంతో మూడు వైపులా సగానికి కోస్తే ఎనిమిది చిన్న ఘనాలు వస్తాయి, వాటి ముఖాలన్నీ కలిపితే 48. మట్టి అంతే, పైతలం మాత్రం రెట్టింపు. ఇలా కోస్తూ పోతే నీళ్లు అంటుకోవడానికీ, పోషకాలు పట్టుకోవడానికీ చోటు పెరుగుతూ పోతుంది. మాంట్‌మొరిల్లోనైట్ లాంటి కొన్ని బంక ఖనిజాల్లో ఒక్క గ్రాములోనే కొన్ని వందల చదరపు మీటర్ల తలం ఉంటుంది. లెక్కల టీచర్‌ని కూడా ఈ పీరియడ్‌కి పిలవండి, ఘనాల పాఠం వాళ్లకీ కలిసొస్తుంది.

మూడో పీరియడ్ ఉండ, పట్టీ. నా లెక్కలో మొత్తం పాఠానికి ఇదే గుండెకాయ, టైము తక్కువైతే మిగతావన్నీ వదిలేసైనా ఇది చేయించండి. నేలను చూడటానికి వెళ్లే శాస్త్రవేత్తలు పొలంలో నిలబడి నిజంగా వాడే పద్ధతి ఇది, పిల్లల కోసం తయారుచేసిన ఆట కాదు. దీన్ని బోధన కోసం మెట్లు మెట్లుగా ఒక పటంలో పెట్టి 1979లో ప్రచురించింది థియెన్ అనే ఆయన. పెద్ద గోలీ అంత మట్టి తీసుకుని చుక్క చుక్కగా నీళ్లు వేస్తూ కనీసం ఒక నిమిషం, వీలైతే రెండు నిమిషాలు పిసకాలి. ఈ పిసకడంలో పిల్లలు తొందరపడతారు, గడియారం చూపించి మరీ చేయించండి, లోపల ఉండలు విడిపోకపోతే ఫలితం తప్పుతుంది. నీళ్లు ఎక్కువైతే కాస్త పొడిమట్టి కలపొచ్చు. ఉండ నిలవకుండా రాలిపోతే అది ఇసుక. ఉండ నిలిచినా పట్టీ రాకపోతే ఇసుకే ఎక్కువ, కాస్త మిగతావి ఉన్నాయి. పట్టీ అంటే, ఉండని గుప్పిట్లో పట్టుకుని బొటనవేలితో చూపుడువేలి మీదుగా మెల్లగా ముందుకు నెడుతూ పోవాలి, సన్నగా రిబ్బన్‌లా సాగుతూ వేలి అంచు దాటి గాల్లోకి వేలాడాలి. దాని బరువుకి అది ఎక్కడ తెగుతుందో అక్కడ స్కేలుతో కొలవాలి. రెండున్నర సెంటీమీటర్లలోపే తెగితే లోమ్ జాతి, అంటే గరప నేల. రెండున్నర నుంచి ఐదు వరకు సాగితే బంక కలిసిన గరప. ఐదు దాటితే బంకనేల. ఆ తర్వాత చిటికెడు మట్టి అరచేతిలో వేసి నీళ్లు ఎక్కువ పోసి రుద్దాలి, గరుకు బాగా తగిలితే పేరు ముందు ఇసుక అని చేరుతుంది, నున్నదనం బాగా తెలిస్తే సిల్ట్ అని చేరుతుంది, రెండూ సమానంగా ఉంటే ఏమీ చేరదు.

ఒక కుర్రాడు, మామూలుగా రాతపనిలో వెనకపడేవాడు, నాలుక బయటపెట్టి ఊపిరి బిగబట్టి ఆరు సెంటీమీటర్ల పట్టీ తీశాడు, పక్కవాడి పట్టీ మూడు దగ్గర తెగింది, మట్టి మాత్రం ఇద్దరిదీ ఒకటే డబ్బాలోది. ఇద్దరూ గొడవపడ్డారు. అక్కడ నేను తీర్పు చెప్పలేదు, ఇద్దర్నీ చేతులు మార్చుకుని మళ్లీ చేయమన్నాను. తేలిందేంటంటే రెండోవాడు సరిగ్గా పిసకలేదు. ఒకే మట్టిని నలుగురు కొలిచి, నాలుగు అంకెలు ఎందుకు తేడా వచ్చాయో వాళ్లే వెతుక్కోవడం ఏ పుస్తకంలోనూ నేర్పలేని సైన్స్. అందుకే ఒక్కో నమూనాని కనీసం నలుగురితో చేయించండి.

ఇప్పుడు మీ సీసా. మూడు చోట్ల తేడా వచ్చింది. మట్టి మరీ ఎక్కువైంది. సగం పైగా మట్టి ఉంటే అది చిక్కటి బురద, రేణువులు ఒకదానికొకటి అడ్డం పడుతూ విడివిడిగా దిగలేవు. సీసాలో నాలుగో వంతు మట్టి చాలు. రెండోది, గడ్డల్ని ముందే చిదమాలి, తర్వాత గిన్నెలు కడిగే యంత్రంలో (డిష్‌వాషర్) వేసే, నురగ తక్కువ వచ్చే పౌడర్ ఒక చెంచాడు వేయాలి. బంక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులుగా ఉంటాయి, సబ్బు వాటిని విడదీస్తుంది. లేకపోతే ఆ గుంపులే ఇసుకలా అడుగుకు దిగిపోయి మనల్ని మోసం చేస్తాయి. మూడోది, మీరే రాశారు, పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి సీసా ఎత్తి చూశారని. ఎత్తిన ప్రతిసారీ ప్రయోగం మళ్లీ మొదటికొస్తుంది. సీసాని కిటికీ గట్టు మీద పెట్టి, చూడటం కళ్లతోనే అని చెప్పండి.

టైములు కూడా చెప్తాను. స్టోక్స్ అనే శాస్త్రవేత్త 1851లో ఇచ్చిన సూత్రం ప్రకారం రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది, సైజు సగమైతే వేగం నాలుగో వంతు. 20 డిగ్రీల నీటిలో ఇసుకలో అతి సన్నని రేణువు పది సెంటీమీటర్లు దిగడానికి దాదాపు 45 సెకన్లు పడుతుంది. సిల్ట్‌లో అతి సన్నని రేణువుకి అదే దూరం దాదాపు ఎనిమిది గంటలు. కాబట్టి పది సెంటీమీటర్ల నీళ్లుంటే ఊపడం ఆపిన 45 సెకన్లకు ఇసుక పొర ఎక్కడిదాకా వచ్చిందో సీసా మీద గుర్తు పెట్టాలి, 20 సెంటీమీటర్లుంటే ఒకటిన్నర నిమిషానికి. సిల్ట్ గుర్తు రెండు గంటలకు పెట్టమని చాలా వర్క్‌షీట్లలో ఉంటుంది, అప్పటికి సన్న సిల్ట్ కొంత ఇంకా నీళ్లలోనే తేలుతుంటుంది, అయినా పిల్లల పనికి పర్వాలేదు. నేనైతే ఉదయం మొదటి పీరియడ్‌లో ఊపి, బడి వదిలేటప్పుడు గుర్తు పెట్టిస్తాను. బంక దిగడానికి రోజులు పడుతుంది, శుక్రవారం పెట్టి సోమవారం చూడండి. పైన తేలే నల్లటి పుల్లలూ ఆకుముక్కలూ మూడింటిలో ఏదీ కాదు, అది సేంద్రియ పదార్థం, పిల్లలు దాన్ని నాలుగో పొరగా లెక్కేస్తారు, చూసుకోండి. ఇంకో సంగతి, 45 సెకన్లలో సీసా కింది భాగంలో ఉన్న సిల్ట్ కూడా కొంత దిగుతుంది, బంక పొర నీళ్లు పట్టి ఉబ్బి ఉంటుంది, కాబట్టి ఈ లెక్క ఉజ్జాయింపే అని పిల్లలకి నిజం చెప్పేయండి.

టైముంటే ఇంకొక చిన్న పని. సబ్బు వేయని బంక నీళ్లు రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో కాస్త పటిక కరిగించి కలపండి. పటిక వేసిన గ్లాసులో రేణువులు గుంపులు కట్టి దిగుతూ పీరియడ్ అయ్యేలోపే నీళ్లు తేరుకోవడం కనిపిస్తుంది. సబ్బు విడదీసింది, పటిక కలిపింది, బంక మీద ఉన్న రుణావేశమే రెండింటికీ కారణం. ఐదో తరగతికి ఆవేశాల జోలికి వెళ్లనక్కర్లేదు, కలవడం విడిపోవడం చాలు.

నీళ్లు ఇంకే ప్రయోగం అందరూ చేస్తారు, సగానికి కోసిన ప్లాస్టిక్ సీసాలు తలకిందులుగా పెట్టి, మూతి దగ్గర గుడ్డ కట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో మట్టి వేసి, 200 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కిందకి ఎంతసేపట్లో ఎంత దిగిందో చూడటం. చేయండి, కానీ ఒక్కసారి పోసి ఆపొద్దు. ఎండిన బంకమన్ను పలుకులుగా ఉంటే మొదటిసారి నీళ్లు ఆ సందుల్లోంచి జర్రున కారిపోతాయి. పిల్లలు బంకలోనే నీళ్లు త్వరగా దిగుతాయి అని రాసేస్తారు. కంగారుపడకండి, మళ్లీ పోయించండి, మళ్లీ. పలుకులు నానిపోయి ఉబ్బి సందులు మూసుకున్నాక చుక్క చుక్కగా పడుతుంది. రేణువు సైజు వేరు, రేణువులు కలిసి కట్టుకున్న పలుకులు వేరు అని చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. దున్నినా, కంపోస్టు వేసినా ఆ పలుకుల అమరిక మారుతుంది, ఇసుక ఇసుకే, బంక బంకే. కింద పట్టిన నీళ్లన్నీ కొలిచి, పోసిన మొత్తం నీళ్లలోంచి తీసేయిస్తే ఏ మట్టి ఎంత అట్టేపెట్టుకుందో వస్తుంది. బంకలో ఎక్కువ మిగులుతుంది, కానీ అందులో కొంత భాగాన్ని అది ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే మొక్క వేరు కూడా లాక్కోలేదు.

రంగు గురించి ఒక మాట. నల్లగా ఉంటే బంక, లేత రంగైతే ఇసుక అని పిల్లలు చాలా గట్టిగా నమ్ముతారు, మందలిస్తే పోయే నమ్మకం కాదది. ఒకే రంగున్న రెండు మట్టులు, ఒకటి పట్టీ వచ్చేది, ఒకటి రానిది, వెతికి పెట్టుకోండి. రంగు చూసి ముందు ఊహ రాయించి, తర్వాత పట్టీ తీయించండి.

త్రిభుజం పటం ఇవన్నీ అయ్యాకే, వాళ్ల సీసాలో పొరల ఎత్తుల్ని బట్టి వచ్చిన మూడు శాతాలు చేతిలో ఉన్నప్పుడే తీయండి. 40 శాతం ఇసుక, 40 సిల్ట్, 20 బంక, ఇది లోమ్. మరి మూడూ సమానంగా ఉంటే? అందరూ అదే అసలైన లోమ్ అంటారు. పటంలో వేలు పెట్టి వెతకమనండి, బంక లోమ్‌లో పడుతుంది. 33 శాతం బంక ఉంటే చాలు, మట్టి నడత మీద దాని పెత్తనం మొదలైపోతుంది. "లాగేది" కదా మరి, అని మా పిల్లలు వెంటనే అంటారు. పటంలో ఉన్న పన్నెండు పేర్లూ కంఠస్తం చేయించకండి, అవసరం లేదు.

పరీక్ష కూడా మార్చండి, వీలైనంతవరకు. పేరు రాయని మూడు డబ్బాలు పెట్టి, ఇది ఏమిటి, నీకెలా తెలిసింది అని రెండే ప్రశ్నలు. మార్కులు రెండోదానికే ఎక్కువ ఇవ్వండి.

శుభ్రం విషయం: బురదనీళ్లు సింకులో పోయనివ్వకండి, బంక పైపులో పేరుకుంటే మళ్లీ రాదు. ఒక బకెట్లో పట్టి మర్నాడు బయట మట్టిలోనే పారబోయండి. చేతి మీద గాయాలున్న పిల్లలకు గ్లౌజులు, అందరికీ చివర్లో సబ్బుతో చేతులు. గాజు సీసాలు వద్దు, తడి చేతుల్లోంచి జారతాయి.

మీ పాత సీసా ఇంకా అలాగే ఉంటే పారేయకండి. అదే మట్టి కాస్త తీసి పిల్లలచేత పట్టీ తీయించండి. మర్నాటికీ నీళ్లు తేరలేదంటే అందులో బంక గట్టిగానే ఉన్నట్టు నాకు అనిపిస్తోంది. పట్టీ ఐదు సెంటీమీటర్లు దాటిందో లేదో చూసి ఇక్కడే రాయండి, నలుగురు పిల్లల కొలతలూ విడివిడిగా రాయండి.